బ్యాగుల కాపలా చాలు.. నేనూ ఎక్కుతా!

సోమశిల ఘాట్ పైన నిలబడి మెట్లు లెక్కపెడుతున్నా. తమ్ముడు మాత్రం నీళ్లకేసి చూస్తున్నాడు.

ఎండలు ముదురుతున్నాయి. కృష్ణమ్మ బాగా కిందికి దిగిపోయింది. వానాకాలంలో నాలుగు మెట్లు దిగితే పాదాలు తడుస్తాయి. ఇప్పుడు మెట్లన్నీ అయిపోయాక ఇంకో పది అడుగుల బురద, ఆ తర్వాత పడవ. తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పటి నుంచి కాళ్లు సహకరించవు, మాట కొంచెం నెమ్మదిగా వస్తుంది. వీల్‌చైర్‌లో తిరుగుతాడు. వయసు ఇరవై. మాది వనపర్తి. చిన్నప్పటి నుంచి వింటున్న సోమశిలకు వాడు రావడం అదే మొదటిసారి.

పడవ దగ్గర్నుంచి ఓ పెద్దమనిషి గబగబా పైకొచ్చాడు. "ఏం గాదు బిడ్డా, ఇద్దరం పట్టుకుని ఎత్తుకపోతం" అన్నాడు నాతో. మంచి మనసుతోనే అన్నాడు. అప్పటికే ఆయన చెయ్యి తమ్ముడి చంక కిందికి వెళ్తోంది.

"పెద్దనాయినా, ఒక్క నిమిషం" అన్నాడు తమ్ముడు. "నన్ను గాదు, కుర్చీని పట్టుకోండ్రి. ఎట్ల పట్టుకోవాల్నో నేను చెప్త."

ఆయన చెయ్యి ఆగింది. మొదటిసారి నా వైపు కాకుండా వాడి వైపు చూశాడు. "సరే తమ్మీ, చెప్పు."

వినడానికి చాలా చిన్న మాట. కానీ ఆ మాట అనడం నేర్చుకోవడానికి వాడికి రెండేళ్లు పట్టింది. నాకు కూడా.

తొమ్మిది బ్యాగులు

రెండేళ్ల కింద ఇంటర్ అయిపోయిందని ఫ్రెండ్సంతా కలిసి హైదరాబాద్ పక్కన ఉన్న ఓ అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్లారు. వాడికి తోడుగా నేనూ వెళ్లా. టికెట్ కౌంటర్‌లో ఎవరూ ఏమీ అడగలేదు. ఫుల్ టికెట్ కొట్టి ఇచ్చారు. లోపలికి వెళ్లాక మొదటి రైడ్ దగ్గరే బ్రేక్ పడింది.

"వీల్‌చైర్ వాళ్లకి ఉండదు మేడమ్."

రెండో దాని దగ్గరా అదే మాట. మూడోది నెమ్మదిగా తిరిగే జెయింట్ వీల్ లాంటిది. అక్కడా అంతే. "ఎందుకు?" అని అడిగితే "రూల్" అన్నారు. ఆ రూల్ ఎక్కడుందో చూపించమంటే "సేఫ్టీ మేడమ్" అన్నారు. ఒక్కరు కూడా వాడితో మాట్లాడలేదు. "ఇతను కూర్చోగలడా?", "ఇతనికి అర్థమవుతుందా?" అన్నీ నన్నే అడిగారు. వాడికి ఆ ఏడాది ఇంటర్‌లో నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి.

ఫ్రెండ్స్ మంచివాళ్లే. కాసేపు వాడితోనే ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరూ "రా, ఇప్పుడే వస్తా, ఇది జర చూస్కో" అని బ్యాగులు వాడి దగ్గర పెట్టి వెళ్లారు. సాయంత్రానికి వాడి చుట్టూ తొమ్మిది బ్యాగులు. అందరి సెల్ఫీల్లోనూ నవ్వుతూనే ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఒక్క మాటన్నాడు.

"అక్కా, పన్నెండు వందలు కట్టి వాచ్‌మన్ పని చేసిన."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ రాత్రి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టా. అప్పుడు తెలిసింది, మేం అడగాల్సింది అడగలేదని. అడగొచ్చని కూడా మాకు తెలీదని.

ఇది దయ కాదు, చట్టం

మన దేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కాళ్లు, చేతులు, చూపు, వినికిడి మాత్రమే కాదు. ఆటిజం, మానసిక అనారోగ్యం, తలసేమియా, సికిల్‌సెల్, పార్కిన్సన్స్ కూడా ఉన్నాయి. అంటే చూడ్డానికి "బాగానే ఉన్నావు కదా" అనిపించే చాలామంది కూడా ఈ చట్టం కిందికి వస్తారు.

ఇందులో ఓ ముఖ్యమైన మాట ఉంది. తెలుగులో చెప్పాలంటే 'తగిన సర్దుబాటు'. అందరితో సమానంగా ఒక మనిషి తన హక్కును వాడుకోవడానికి అవసరమైన మార్పు చేయడం. అవతలి వాళ్ల మీద మోయలేని భారం పడకూడదు, అంతే. రైడ్ ఆపి రెండు నిమిషాలు ఎక్కువ టైమ్ ఇవ్వడం సర్దుబాటు. వినపడని వాళ్లకు మైకులో చెప్పే జాగ్రత్తలను కాగితం మీద చూపించడం సర్దుబాటు. చూపు లేని వాళ్లకు సీటు, బెల్టు, పట్టుకునే రాడ్ ముందే చేత్తో తాకి చూసుకోనివ్వడం సర్దుబాటు. వీటికి ఖర్చెంత? దాదాపు సున్నా.

"అది గవర్నమెంట్ ఆఫీసులకు కదా" అనుకుంటారు చాలామంది. కాదు. ఈ చట్టం చెప్పే 'పబ్లిక్ బిల్డింగ్'లో జనం వచ్చిపోయే ప్రైవేటు భవనాలూ ఉన్నాయి. వినోదం కోసం వాడేవీ ఉన్నాయి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఎయిర్‌పోర్టులతో పాటు జలమార్గాలూ ఉన్నాయి. అంటే హైదరాబాద్‌లో పార్కుకు ఎంత వర్తిస్తుందో, సోమశిలలో పడవల రేవుకూ అంతే.

మరి ఇన్నేళ్లయినా ఎందుకు మారలేదు? ఒక కారణం సుప్రీంకోర్టే చెప్పింది. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. సౌకర్యాల గురించిన రూల్స్ 'చేస్తే మంచిది' అన్నట్టు ఉన్నాయి తప్ప 'చేసి తీరాలి' అన్నట్టు లేవని కోర్టు తప్పుపట్టింది. తప్పనిసరి ప్రమాణాలు తయారుచేయమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన రిపోర్టు మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రం తయారుచేసింది.

క్యూ తప్పించుకోవడం కాదు

"వీళ్లకేంటి, డైరెక్ట్‌గా పంపిస్తున్నారు" అనే చూపు ఎదుర్కోని దివ్యాంగుడు ఉండడు. కానీ అందరూ అడిగేది అదే కాదు. ఆటిజం ఉన్న పిల్లాడు గంటసేపు ఇరుకు క్యూలో, చెవులు పగిలే సౌండ్‌లో నిలబడలేడు. కానీ గంట ఆగగలడు, నీడలో, కాస్త దూరంగా, అమ్మ పక్కన.

అమెరికాలో డిస్నీ పార్కుల పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. అక్కడ క్యూలో నిలబడలేని వాళ్లకు ఒక టైమ్ ఇస్తారు. క్యూ ఎంతసేపుందో దాదాపు అంతసేపు బయట గడిపి వచ్చి ఎక్కొచ్చు. ఈ పద్ధతి 2013లో వచ్చింది. అంతకుముందు ఉన్న కార్డును కొందరు డబ్బున్నవాళ్లు దుర్వినియోగం చేశారు. క్యూ దాటడానికి దివ్యాంగులను గంటల లెక్కన కిరాయికి పెట్టుకున్నారని వార్తలొచ్చి పెద్ద గొడవైంది. 2024లో డిస్నీ రూల్స్ ఇంకా బిగించింది. ఈ సదుపాయం ప్రధానంగా ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్న వాళ్లకేనని చెప్పింది. దాంతో వేరే జబ్బులున్న వాళ్లు "మరి మేమెక్కడికి పోవాలి?" అని నిలదీశారు. అమెరికాలో ఉన్న మన చుట్టాలెవరైనా పిల్లల్ని తీసుకెళ్తుంటే, టికెట్ కొనేముందే ఈ రూల్స్ చూసుకోమనండి. ముందుగా వీడియో కాల్‌లో మాట్లాడాల్సి ఉంటుంది.

అదే దేశంలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మోర్గాన్స్ వండర్‌ల్యాండ్ అని ఒక పార్కు ఉంది. గోర్డన్ హార్ట్‌మన్ అనే తండ్రి, దివ్యాంగురాలైన తన కూతురు మోర్గాన్ కోసం మొదలుపెట్టిన ఆలోచన అది. 2010లో తెరిచారు. వీల్‌చైర్‌తో నేరుగా ఎక్కే రైడ్లున్నాయి. దివ్యాంగులకు ఎంట్రీ ఫ్రీ. 2017లో పక్కనే వాటర్ పార్కు కూడా పెట్టారు. మొదటి నుంచే అందరికీ అని కట్టుకుంటే ఎవరూ ఎవర్నీ అడుక్కోవాల్సిన పని లేదు.

భద్రతా? భయమా?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కొన్ని రైడ్లు నిజంగానే కొందరికి ప్రమాదం. మెడ నిలబెట్టలేని మనిషిని రోలర్ కోస్టర్ ఎక్కించకూడదు. మధ్యలో రైడ్ ఆగిపోతే మెట్ల మీద నుంచి దించాల్సి వస్తుంది, దానికి సిబ్బంది సిద్ధంగా ఉండాలి. నీళ్ల మీదైతే మరీ జాగ్రత్త. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో ఇదే కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. ఈ ఊళ్లలో పడవ నడిపేవాళ్లు 'జాగ్రత్త' అన్నారంటే అది ఊరికే అనే మాట కాదు.

కాబట్టి అడగాల్సింది "ఎందుకు ఎక్కనివ్వరు?" అని కాదు. "ఏది ప్రమాదం?" అని. అమెరికా చట్టం ఈ గీతను స్పష్టంగా గీసింది: భద్రతా నిబంధన నిజమైన ప్రమాదం మీద ఆధారపడాలి, ఊహల మీద కాదు. మన చట్టం కూడా న్యాయమైన కారణం ఉండి, దానికి తగినంత మేరకే తప్ప వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదంటుంది. "వీపు 90 డిగ్రీలు నిటారుగా పెట్టి రెండు చేతులతో రాడ్ పట్టుకోగలగాలి" అనేది రూల్. "వీల్‌చైర్ వాళ్లకి ఉండదు" అనేది రూల్ కాదు, బద్ధకం.

ఈ తేడా తమ్ముడికి బాగా తెలుసు. తర్వాతి ఏడాది ఇంకో పార్కుకు వెళ్లేముందు మెయిల్ పెట్టాం. వాళ్లు జవాబిచ్చారు. నాలుగు రైడ్లు ఎక్కొచ్చు, మిగతావి కుదరవు, ఒక్కోదానికీ కారణం రాశారు. ఆ కుదరని వాటి గురించి వాడికేం కోపం రాలేదు. "కారణం చెప్పి వద్దంటే నాకు ఓకే అక్కా. మొహం చూసి వద్దంటేనే మండుతది" అన్నాడు.

అడిగే పద్ధతి

మేం తప్పులు చేసి నేర్చుకున్నవి ఇవి.

1. జబ్బు పేరు కాదు, అవసరం చెప్పండి. 'సెరిబ్రల్ పాల్సీ' అంటే కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి ఏం తెలుస్తుంది? 'నడవలేను, ఒకరు పట్టుకుంటే సీట్లోకి మారగలను, వీపుకు ఆనుకునేది ఉంటే కూర్చోగలను' అంటే తెలుస్తుంది.

2. వారం ముందు, రాతలో. ఫోన్‌లో మాట్లాడినా, 'మీరు చెప్పింది ఇదీ' అని తర్వాత ఒక మెయిల్ లేదా వాట్సాప్ పెట్టండి. గేటు దగ్గర మనిషి మారినా మెసేజ్ మారదు.

3. మెసేజ్ చిన్నగా ఉండాలి. మాది ఇలా ఉండేది:

'నమస్తే. వచ్చే ఆదివారం మేం నలుగురం వస్తున్నాం. నేను వీల్‌చైర్ వాడతాను. నిలబడలేను. ఒకరి సాయంతో సీట్లోకి మారగలను. నాకు ఇవి తెలియాలి: ఏయే రైడ్లు ఎక్కొచ్చు, కుదరని వాటికి కారణం ఏంటి? క్యూలో మెట్లుంటే వేరే దారి ఉందా? వీల్‌చైర్ పట్టే టాయిలెట్ ఎక్కడుంది? నాతో వచ్చే సహాయకురాలికి టికెట్ ఎలా?'

4. కొలతలు అడగండి. 'ర్యాంప్ ఉంది' అంటారు. వెళ్తే గోడెక్కినట్టు ఉంటుంది. ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలనేది ప్రమాణం. ఫొటో పంపమంటే పంపుతారు.

5. సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు ఫోన్‌లో పెట్టుకోండి. అడిగితే చూపించండి. మీ పూర్తి మెడికల్ ఫైల్ మాత్రం ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

6. మీరు తోడు వెళ్లేవాళ్లయితే, నోరు కాస్త కట్టుకోండి. ఇది నాకు నేను చెప్పుకునేది. వాడిని అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పడం మానేశాకే జనం వాడితో మాట్లాడటం మొదలుపెట్టారు.

అయినా కాదంటే?

ముందు అక్కడి మేనేజర్‌తో మాట్లాడండి. కారణం రాసివ్వమనండి. 'రాసివ్వండి' అనగానే సగం రూల్స్ మాయమైపోతాయి, మా అనుభవం. అప్పటికీ కుదరకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. టికెట్ డబ్బులు తీసుకుని సేవ ఇవ్వకపోతే అది వినియోగదారుల సమస్య కూడా. హెల్ప్‌లైన్ 1915. ర్యాంప్, టాయిలెట్ లాంటివి లేని చోట్ల ఫొటో తీసి 'సుగమ్య భారత్' యాప్‌లో పెట్టొచ్చు.

కోర్టు దాకా వెళ్లి గెలిచినవాళ్లూ ఉన్నారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను 2012లో కోల్‌కతాలో విమానం నుంచి దించేశారు. ఆమె సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2016లో పది లక్షల పరిహారం ఇవ్వాలని తీర్పొచ్చింది. ఆ పేరు వినగానే తమ్ముడు యూట్యూబ్‌లో ఆమె ఇంటర్వ్యూలు వెతుక్కుని చూశాడు.

మళ్లీ ఘాట్ దగ్గరికి

సోమశిల వెళ్లేముందు కూడా వారం ముందే ఫోన్ చేశాం. మెట్లెన్ని, పడవలోకి దారి ఎంత వెడల్పు, పెద్దవాళ్ల సైజు లైఫ్ జాకెట్ ఉందా అని అడిగాం. అవతలి అన్న ఓపిగ్గా ఫొటో కూడా పంపాడు. అందులో ఆఖరి మెట్టు నీళ్లలో ఉంది. మేం వెళ్లేసరికి బయటపడింది! రిజర్వాయర్ సంగతే అంత. శ్రీశైలం డ్యామ్ నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలానికి పదుల అడుగులు పడిపోతుంది. నీళ్లు తగ్గితేనే కదా అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడేది. అందుకే ఏడో పాయింట్ ఇప్పుడు రాస్తున్నా: బయల్దేరే రోజు పొద్దున మళ్లీ ఒకసారి ఫోన్ చేయండి.

ఆ రోజు తమ్ముడు చెప్పినట్టే చేశారు. కుర్చీని వెనక్కి వంచి పెద్ద చక్రాల మీద ఉంచారు. వెనక హ్యాండిల్స్ ఒకరు, ముందు ఫ్రేమ్ ఒకరు. ఊడొచ్చే ఫుట్‌రెస్ట్‌ను ఎవరూ పట్టుకోలేదు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దించారు. బురద మీద వెడల్పాటి పలక వేశారు. పడవలో బెంచీ మీదికి మారి, లైఫ్ జాకెట్ వేసుకున్నాడు. వీల్‌చైర్‌కు బెల్టుతో కట్టుకుని మాత్రం నీళ్ల మీదికి వెళ్లకూడదు. పడవకు ఏమైనా అయితే కుర్చీతో పాటే మునిగిపోతారు. ఈ విషయం పడవవాళ్లకు తమ్ముడే చెప్పాడు. పెద్దమనిషి తలూపాడు. "మంచి మాట చెప్పినవ్ తమ్మీ. ఇంకొకలొస్తే గిట్లనే చేస్తం."

గంటసేపు తిరిగాం. నల్లమల కొండలు, నీళ్ల మీద పుట్టీల్లో చేపలవాళ్లు. వాడు చాలాసేపు చెయ్యి నీళ్లలోనే పెట్టి కూర్చున్నాడు.

కానీ ప్రతిసారీ ఇద్దరు మంచి మనుషులు దొరకాలా? వాళ్ల నడుములు ఎన్నాళ్లుంటాయి? ఈ ఘాట్‌లో మెట్ల ఎత్తు మొత్తం పదడుగులనుకుంటే నూట ఇరవై అడుగుల ర్యాంప్ కావాలి. నీళ్లతో పాటు లేచి దిగే తేలియాడే జెట్టీ ఇంకా మంచిది. అసాధ్యమేం కాదు. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో ఇసుక మీద నీళ్ల దగ్గరిదాకా చెక్క దారి వేశారు. మరుసటి నెలే మాండూస్ తుపానుకు కొంత కొట్టుకుపోతే మళ్లీ బాగుచేశారు.

డబ్బు విషయానికొస్తే, 2015-16లో స్వదేశ్ దర్శన్ కింద ఉమ్మడి మహబూబ్‌నగర్ ఎకో టూరిజం సర్క్యూట్‌కు 91.62 కోట్లు మంజూరయ్యాయి. అందులో సోమశిల ఉంది. సిద్ధేశ్వరం వైపు కృష్ణ మీద కొత్త వంతెనకు 2022లో కేంద్రం ఓకే చెప్పింది. 2028లో కృష్ణా పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. 2016లో ఈ ఘాట్‌కు ఎంత జనం వచ్చారో ఇక్కడివాళ్లకు తెలుసు. వాళ్లలో ముసలివాళ్లెందరు, మోకాళ్ల నొప్పులవాళ్లెందరు, కడుపుతో ఉన్నవాళ్లెందరు! ర్యాంప్ వేస్తే తమ్ముడొక్కడే దిగడు. కాబట్టి అడగాల్సింది ఇప్పుడే, సిమెంటు పడకముందే.

తమ్ముడికి ఇంకో కోరిక మిగిలింది. సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీలో పోవాలట. దాదాపు 120 కిలోమీటర్లు, ఆరేడు గంటలు నీళ్ల మీదే. అన్నిటికంటే పెద్ద ప్రశ్న టాయిలెట్. వీల్‌చైర్ లోపలికి పడుతుందా? తలుపు ఎన్ని అంగుళాలు? శ్రీశైలం వైపు దిగే చోట మెట్లెన్ని?

నేనిది రాస్తుంటే వాడు పక్కనే కూర్చుని ఆ మెసేజ్ టైప్ చేస్తున్నాడు. ఒక్కో అక్షరానికి టైమ్ పడుతోంది. నేను సాయం చేయబోతే ఫోన్ పక్కకి తిప్పుకున్నాడు.